రాగి పెప్టైడ్ సీరమా, మినాక్సిడిలా, ఫినాస్టరైడా: జుట్టు పలచబడుతుంటే డబ్బు ముందు దేని మీద పెట్టాలి?

నుదురు వెనక్కి జరుగుతోందనో, పాపిడి వెడల్పవుతోందనో గమనించాక ఎవరైనా మొదట ఫోన్ తీసి వెతుకుతారు. అరగంటలో నాలుగు దారులు కనబడతాయి: మందుల షాపులో దొరికే మినాక్సిడిల్, డాక్టరు రాసే ఫినాస్టరైడ్ మాత్ర, ఆన్‌లైన్‌లో అమ్మే నీలం రంగు రాగి పెప్టైడ్ సీరం, చిన్న సూదులున్న రోలర్. వీటిలో ఒకటి చాలా, అన్నీ కావాలా, ఏది ముందు అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఉండేవాళ్లకు ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి బోరు ఉప్పునీళ్లు, రెండోది సీసాలో మందునే పాడుచేసే ఎండాకాలం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. రాగి పెప్టైడ్ మంచి తోడు మందు, అసలు మందు స్థానం దానికి ఇవ్వకూడదు. నెలకు ఒక్క సీసా కొనే స్తోమతే ఉంటే ఆ సీసా ఇది కాకూడదు. అయితే కొందరికి ఇది నిజంగా పనికొస్తుంది. వాళ్లెవరో, ఎలా వాడాలో కింద వివరంగా ఉంది.

## ముందు ఏ రకం రాలడమో తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసి సీరం కొన్నవాళ్ల డబ్బే ఎక్కువగా వృథా అవుతుంది.

వంశపారంపర్యంగా వచ్చే పలచదనం. మగవాళ్లలో నుదుటి మూలలు, సుడి దగ్గర. ఆడవాళ్లలో నుదుటి అంచు అలాగే ఉండి, పాపిడి వెడల్పవుతుంది. కుదురు కొద్దికొద్దిగా చిన్నదై, వెంట్రుక ఏటికేడు సన్నబడుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా వీళ్ల కోసమే.

ఉన్నట్టుండి గుప్పెళ్లుగా రాలడం. డెంగీ, టైఫాయిడ్, చికున్‌గున్యా, కాన్పు, పెద్ద ఆపరేషన్, కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం లాంటివి జరిగిన రెండు మూడు నెలలకు మొదలవుతుంది. కారణం తీరిపోతే సాధారణంగా ఆరు నెలల్లో దానంతట అదే తగ్గి, జుట్టు తిరిగి వస్తుంది. ఆ సమయంలో తలకు ఏది రాసినా పేరు దానికే దక్కుతుంది. ఆన్‌లైన్‌లో కనిపించే "మూడు నెలల్లో జుట్టంతా వచ్చింది" అనే పొగడ్తల్లో ఇలాంటివి కలిసిపోయి ఉంటాయని గుర్తుంచుకోండి.

పేనుకొరుకుడు. రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోతుంది. పేనుకు దీనితో సంబంధం లేదు. ఒంట్లోని రక్షణ కణాలే కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. దీనికి వైద్యం వేరు, సీరంతో కాలం గడపొద్దు.

పొలుసులు, చీము, విరిగిన వెంట్రుకలు. పిల్లల్లో అయితే తామర కావచ్చు, దానికి కడుపులోకి మాత్రలు అవసరం. ఊడిన చోట చర్మం మెరుస్తూ, మంటగా, నొప్పిగా ఉంటే కుదుళ్లు శాశ్వతంగా మూసుకుపోతున్నాయేమో చూపించుకోవాలి. అక్కడ ఆలస్యమయ్యే ప్రతి నెలా నష్టమే.

కర్నూలు పెద్దాసుపత్రిలోను, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లోను చర్మవ్యాధుల ఓపీ ఉంది. వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షల గురించి అడగండి. ఆడవాళ్లు ఇది తప్పకుండా చేయాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒంట్లో ఇనుము లేనప్పుడు నెత్తిన రాగి రాసి లాభం లేదు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

చూడాల్సినవి ఐదు. మనుషుల మీద జరిగిన పరీక్షల్లో ఫలితం కనబడిందా? రాలడానికి మూలమైన డీహెచ్‌టీ హార్మోను మీద పనిచేస్తుందా? దుష్ప్రభావాలు ఏమిటి? రోజూ ఎంత సమయం తీసుకుంటుంది? ఏళ్ల తరబడి భరించగల ఖర్చేనా?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. వీటిలో ఏది ఆపినా దాని లాభం కొన్ని నెలల్లో పోతుంది. కాబట్టి సీసా ధర చూడకండి, నెల ఖర్చు లెక్కకట్టండి: సీసా ధరను అందులోని మి.లీ.తో భాగించి, రోజుకు వాడే మి.లీ.తో, 30తో గుణించాలి. ఉదాహరణకు 900 రూపాయల 30 మి.లీ. సీరం రోజుకు 1 మి.లీ. చొప్పున నెల వస్తుంది. పొద్దునా రాత్రీ రాస్తే అదే నెలకు 1,800 అవుతుంది.

| | మినాక్సిడిల్ 5 శాతం | ఫినాస్టరైడ్ 1 మి.గ్రా. | రాగి పెప్టైడ్ సీరం | సూదుల రోలర్ |
|---|---|---|---|---|
| మనుషుల మీద ఆధారం | గట్టిది | గట్టిది, మగవాళ్లలో | బలహీనం | ఓ మోస్తరు, మినాక్సిడిల్‌తో కలిపి |
| డీహెచ్‌టీ మీద పని | లేదు | ఉంది | నమ్మదగ్గంత లేదు | లేదు |
| డాక్టరు చీటీ | అడిగి వాడటం మంచిది | తప్పనిసరి | అక్కర్లేదు | క్లినిక్‌లోనే మేలు |
| ముఖ్యమైన ఇబ్బంది | దురద, మొదట్లో ఎక్కువ రాలడం | కొందరిలో లైంగిక ఇబ్బందులు | అరుదుగా దద్దురు | ఇన్‌ఫెక్షన్ |
| రోజువారీ పని | రెండుసార్లు | ఒక మాత్ర | ఒకసారి | వారానికో, అంతకంటే తక్కువో |
| ఎవరికి వద్దు | గర్భిణులు, పాలిచ్చే తల్లులు | గర్భం వచ్చే అవకాశమున్న ఆడవాళ్లు | విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) ఉన్నవాళ్లు | మొటిమలు, పుండ్లు, పొలుసులు ఉన్న మాడు |

## మినాక్సిడిల్: చాలామందికి మొదలు ఇక్కడే

రక్తపోటు మాత్రగా పుట్టిన ఈ మందుకు 1988లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ జుట్టు కోసం అనుమతి ఇచ్చింది. 2002లో ప్రచురించిన 393 మంది మగవాళ్ల పరీక్షలో, 48 వారాలకు 5 శాతం ద్రావణం 2 శాతం దానికంటే 45 శాతం ఎక్కువ జుట్టును మొలిపించింది.

మోతాదు 1 మి.లీ., రోజుకు రెండుసార్లు, పొడి మాడు మీద. అంటే 60 మి.లీ. సీసా సరిగ్గా నెల. ఆడవాళ్లకు 2 శాతం ద్రావణమైతే రెండుసార్లు, 5 శాతం నురుగైతే రోజుకు ఒకసారి.

మొదటి రెండు నుంచి ఎనిమిది వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలవచ్చు. విశ్రాంతి దశలో ఉన్న వెంట్రుకను కింద నుంచి కొత్తది నెట్టేయడం వల్ల అలా అవుతుంది. భయపడి ఇక్కడే మానేసి సీరం వైపు వెళ్లేవాళ్లు ఎక్కువ. సరిగ్గా పని మొదలైన చోట వదిలేసినట్టు అవుతుంది. మందు ఆపితే వచ్చిన జుట్టు మూడు నాలుగు నెలల్లో పోతుంది.

దురద పుడితే అది చాలాసార్లు మందు వల్ల కాదు, ద్రావణంలో కలిపిన ప్రొపిలీన్ గ్లైకాల్ వల్ల. అది లేని నురుగు రకానికి మారి చూడండి. ద్రావణంలో ఆల్కహాలు ఉంటుంది, రాసుకున్న తడి తలతో పొయ్యి దగ్గరకు వెళ్లొద్దు. ఇంట్లో పిల్లి ఉంటే దిండు, తువ్వాలు దానికి అందకుండా చూడాలి. పిల్లులకు ఈ మందు విషం.

## ఫినాస్టరైడ్: మగవాళ్లకు, డాక్టరు చూశాకే

కుదుళ్లను చిన్నబరిచే డీహెచ్‌టీ తయారీని తగ్గించేది పై నాలుగింటిలో ఇదొక్కటే. రెండేళ్ల పరీక్షల్లో, నడినెత్తిన వెంట్రుకల లెక్క తగ్గకుండా నిలబడ్డవాళ్లు మందు వేసుకున్నవాళ్లలో 83 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 28 శాతం. మొదటి ఏడాది లైంగిక ఇబ్బందులు చెప్పినవాళ్లు 3.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 2.1 శాతం. మనసు కుంగినట్టు అనిపించినా డాక్టరుకు చెప్పాలి.

గర్భిణులు విరిగిన మాత్రను ముట్టుకోకూడదు. వాడుతూ రక్తదానం చేయకూడదు, ఆపిన నెల తర్వాతే ఇవ్వాలి. ప్రొస్టేట్ కోసం పీఎస్ఏ పరీక్ష చేయించుకుంటే ఈ మాత్ర సంగతి చెప్పాలి, ఆ అంకె దాదాపు సగానికి పడిపోయి కనబడుతుంది. మినాక్సిడిల్‌లోనే ఫినాస్టరైడ్ కలిపిన ద్రావణాలూ అమ్ముతున్నారు. అవి కొనేటప్పుడు ఇంట్లో గర్భిణి ఉంటే ఈ జాగ్రత్తే వర్తిస్తుంది.

## రాగి పెప్టైడ్: ఏమిటి, ఎంతవరకు

గ్లైసిన్, హిస్టిడిన్, లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాల గొలుసు జీహెచ్‌కే. 1973లో లోరెన్ పికార్ట్ దీన్ని మనిషి రక్తరసంలో గుర్తించాడు. ఇది రాగిని పట్టుకున్నప్పుడు జీహెచ్‌కే-సీయూ అవుతుంది, సీరంలోని రాగి పెప్టైడ్ అదే. గాయం మానడం, కొల్లాజెన్ తయారీ, కొత్త రక్తనాళాలు, వీటన్నిటిలో దీని పాత్ర ప్రయోగశాలల్లో బాగా కనబడింది. అందుకే ముఖానికి రాసే సీరంలలో చేరింది, అక్కడి నుంచి తలకెక్కింది.

జుట్టు విషయంలో ఆధారం ఎక్కడ ఆగుతుందో చూడండి. తరచూ ఉదహరించే 2007 కొరియా పరిశోధన ఒంటి నుంచి తీసిన కుదుళ్ల మీద, గాజు పాత్రల్లోని కణాల మీద జరిగింది. పైగా అందులో వాడింది ఏహెచ్‌కే-సీయూ అనే దగ్గరి చుట్టాన్ని. కుదుళ్లు పొడవు పెరిగిన మాట నిజమే. మనుషుల మీద, 45 మందితో జరిగిన మరో ఆరు నెలల పరీక్షలో వాడింది జీహెచ్‌కే ఒక్కటే కాదు, 5-అమైనోలెవులినిక్ ఆమ్లంతో కలిపిన మిశ్రమం. వెంట్రుకల సంఖ్య పెరిగింది, కానీ ఆ ఘనత ఎవరిదో విడదీయలేం. అమెరికాలో జుట్టు రాలడానికి మందుగా దీనికి అనుమతి లేదు. మన దగ్గరా సౌందర్య సాధనంగానే అమ్ముతున్నారు.

ఇంకో సంగతి. 2007 పరిశోధనలో కుదుళ్లు స్పందించింది అతి స్వల్ప గాఢతలకు. "మాది 3 శాతం, వాళ్లది 1 శాతమే" అనే ప్రచారానికి ఎక్కువ ధర ఇవ్వొద్దు. 1 శాతం అంటే మి.లీ.కు 10 మి.గ్రా., అందులో రాగి సుమారు 1.6 మి.గ్రా. అంతకు మించి పోసినంత మాత్రాన జుట్టు ఎక్కువ వస్తుందని చూపే పరీక్ష ఏదీ ఆ ప్రచారం వెనక ఉండదు.

### లేబులు చదవడం

పదార్థాల జాబితాలో కాపర్ ట్రైపెప్టైడ్-1 అన్న పేరు ఉండాలి. ఉత్త ట్రైపెప్టైడ్-1, పామిటాయిల్ ట్రైపెప్టైడ్-1, బయోటినాయిల్ ట్రైపెప్టైడ్-1, అసిటైల్ టెట్రాపెప్టైడ్-3, ఇవన్నీ వేరే పదార్థాలు, వాటిలో రాగి లేదు. ప్రోకాపిల్, కాపిక్సిల్ అని రాసి ఉన్న జుట్టు సీరంలు చాలావరకు ఈ రాగి లేని రకానివే. పెప్టైడ్ అన్న మాట కనబడగానే రాగి పెప్టైడ్ అనుకుని కొనేస్తుంటారు.

ఫినాక్సీఇథనాల్ అనే నిల్వకారిని మామూలుగా 1 శాతానికి మించి వాడరు. జాబితాలో కాపర్ ట్రైపెప్టైడ్-1 దాని తర్వాత వస్తే అది 1 శాతం లోపే ఉండే అవకాశం ఎక్కువ. 

ఒక చుక్క తెల్ల కాగితం మీద వేయండి. 1 శాతం ఉంటే నీలం స్పష్టంగా కనబడాలి. నీళ్లలా ఉంటే అనుమానించండి. అలాగని నీలమంతా రాగి కాదు. జాబితా చివర సీఐ 42090 అని ఉంటే అది కలిపిన రంగు. పచ్చగానో గోధుమ రంగులోకో మారినా, అడుగున మడ్డి కట్టినా పారేయాలి. డైసోడియం ఈడీటీఏ కూడా అదే సీసాలో ఉంటే వేరేది చూసుకోండి. ఈడీటీఏ రాగిని జీహెచ్‌కే కంటే గట్టిగా పట్టుకుని లాగేసుకుంటుంది.

### రాసే పద్ధతి

1. మొదట చెవి వెనక రెండు చుక్కలు రాసి రెండు రోజులు చూడండి. ఎర్రబడితే, దురద పెడితే మానేయండి.
2. మాడు శుభ్రంగా, పొడిగా ఉండాలి. నూనె తల మీద నీటి సీరం నిలవదు, జారి జుట్టుకే అంటుతుంది.
3. పలచబడిన చోట రెండు సెంటీమీటర్లకో పాపిడి తీస్తూ మొత్తం 1 మి.లీ. చుక్కలుగా వేయండి. డ్రాపర్ కొన తలకు తగలకూడదు. తగిలితే తలలోని సూక్ష్మక్రిములు సీసాలోకి చేరతాయి.
4. వేలి మెత్తలతో నిమిషం పాటు అద్దండి. గోళ్లు తగలనివ్వొద్దు.
5. 20 నిమిషాలు ఆరాకే దిండు మీద తల పెట్టండి. లేకపోతే దిండు గలీబుకు నీలం మరక పడుతుంది.

తెల్లజుట్టు ఉన్నవాళ్లు చుక్కలు మాడు మీదే పడేలా చూసుకోవాలి. రాగి వెంట్రుక పొడవునా పేరుకుంటే పచ్చఛాయ కనబడవచ్చు.

## రెండూ కలిపి వాడేవాళ్లు చేసే పొరపాట్లు

ఎక్కువమంది చివరికి వచ్చేది ఇక్కడికే: మినాక్సిడిల్ ఉంది, దానికి రాగి పెప్టైడ్ చేర్చాలి. మంచిదే. కానీ ఒకే రోజు రెండూ మొదలుపెడితే దురద వచ్చినప్పుడు దేనివల్లో తెలియదు, జుట్టు వచ్చినా దేనివల్లో తెలియదు. మినాక్సిడిల్ కనీసం నాలుగు నెలలు వాడి, మొదటి రాలడం దాటాక సీరం చేర్చండి.

రెంటినీ ఒకే సీసాలో కలపొద్దు. మినాక్సిడిల్ ద్రావణంలోని ఆల్కహాలు, గ్లైకాల్, పీహెచ్ దాని కోసం కుదిర్చినవి. అందులో పెప్టైడ్ ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. వేళలు వేరు చేయడమే సులువు. పొద్దున స్నానం చేసి తల ఆరాక మినాక్సిడిల్. సాయంత్రం పని నుంచి వచ్చి చెమట కడుక్కుని, తల ఆరాక సీరం. రాత్రి పడుకోవడానికి రెండు గంటల ముందు మళ్లీ మినాక్సిడిల్. రోజుకు మూడుసార్లు కుదరదనుకుంటే తగ్గించాల్సింది సీరాన్నే, వారానికి మూడు నాలుగు రోజులు చాలు. మినాక్సిడిల్ పూటను మాత్రం వదలొద్దు.

నిమ్మరసం, పుల్ల పెరుగు, విటమిన్ సీ సీరం, ఆమ్లాలున్న మాడు లోషన్లు రాగి పెప్టైడ్ రాసిన పూట వద్దు. విటమిన్ సీ, రాగి ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. బాగా పుల్లనివి జీహెచ్‌కే నుంచి రాగిని విడదీస్తాయి. చుండ్రు కోసం వాడే కీటోకోనజోల్ 2 శాతం షాంపూతో ఇబ్బంది లేదు. వారానికి రెండుసార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడిగేసి, తల ఆరాక సీరం రాసుకోవచ్చు. చుండ్రు ఉన్నవాళ్లు ముందు చేయాల్సింది ఇదే.

సూదుల రోలర్ గురించి. 2013లో ప్రచురించిన ముంబై పరీక్షలో 100 మంది మగవాళ్లను రెండు జట్లు చేశారు. 12 వారాలకు మినాక్సిడిల్‌తో పాటు వారానికోసారి 1.5 మి.మీ. సూదుల వైద్యం పొందినవాళ్లకు కొలిచిన చోట సగటున 91 వెంట్రుకలు పెరిగాయి, మినాక్సిడిల్ ఒక్కటే వాడినవాళ్లకు 22. ఆకట్టుకునే ఫలితమే. అయితే అందులో సూదులు వేసిన 24 గంటల దాకా మినాక్సిడిల్ రాయలేదన్నది మరిచిపోవద్దు. రాగి పెప్టైడ్ సీరానికీ అదే నియమం పెట్టుకోండి. అది సౌందర్య సాధనంగా తయారైంది, పచ్చి రంధ్రాల్లోకి పోయడానికి కావలసిన శుద్ధి దానికి ఉండదు. 1.5 మి.మీ. సూదులు ఇంట్లో వద్దు. ఒకరి రోలర్ మరొకరు ఎప్పుడూ వాడకూడదు.

పొడి రూపంలో జీహెచ్‌కే-సీయూ తెప్పించుకుని ఇంట్లో కలిపేవాళ్లున్నారు. 100 మి.గ్రా. పొడి, 10 మి.లీ. నీళ్లు, అదే 1 శాతం అన్న లెక్క తేలికే. కష్టమంతా మిగతాది: నిల్వకారి లేని ఆ నీళ్లలో కొద్ది రోజుల్లోనే సూక్ష్మక్రిములు పెరుగుతాయి, పొడి ఎంత శుద్ధమో చూసే వీలు లేదు. ఆ కలిపినదాన్ని సూదితో మాడులోకి ఎక్కించుకోవడం అయితే ఏ పరిస్థితిలోనూ వద్దు.

## సీమలో ఉండేవాళ్లకు ప్రత్యేకంగా

ఎండ. మే నెలలో కర్నూలులో 42 డిగ్రీలు దాటడం మామూలు. కొరియర్ బండిలో, రేకుల షెడ్డులో ఒక పగలు పడున్న సీరం మీ చేతికొచ్చేసరికి ఎలా ఉంటుందో చెప్పలేం. మార్చి నుంచి జూన్ దాకా కావలసింది ఫిబ్రవరిలోనే కొనిపెట్టాలనిపిస్తుంది, కానీ నాలుగు సీసాలు ఒకేసారి కొంటే చివరిది గడువు దగ్గరకొస్తుంది. రెండు చిన్న సీసాలు చాలు. ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, గడ్డకట్టే అరలో వద్దు. ఫ్రిజ్ లేకపోతే కిటికీ దగ్గర, బీరువా మీద కాకుండా, ఇంట్లో చల్లగా ఉండే చీకటి మూల. బైకు డిక్కీలో, కారులో ఒక్క మధ్యాహ్నం కూడా ఉంచొద్దు.

ఉప్పునీళ్లు. బోరు నీళ్ల ఉప్పు వల్ల జుట్టు గరుకుబారి మధ్యలో తెగుతుంది. కుదురును చంపి బట్టతల తేదు. రాలిన వెంట్రుకను చూడండి: ఒక కొనకు తెల్లటి చిన్న ముడి ఉంటే కుదురు నుంచి ఊడింది, లేకపోతే తెగింది. తెగేవాళ్లకు ఈ వ్యాసంలోని మందులేవీ అక్కర్లేదు. చివరి రెండు చెంబులు ఫిల్టరు నీళ్లో వాననీళ్లో పోసుకుని, కండిషనర్ వాడితే చాలు. సీరం వాడేవాళ్లకు మాత్రం ఉప్పు, సీరంలోని జిగురు కలిసి మాడు మీద పొరలా పేరుకుంటాయి. వారానికి రెండు మూడుసార్లు తలస్నానం తప్పనిసరి. కుంకుడుకాయ అయినా సరే, రసం మిగలకుండా బాగా కడగాలి.

నూనె. ఆముదమో కొబ్బరినూనో మానేయమనడం లేదు. తలస్నానానికి ముందు రాత్రి ఒక్కటే నూనెకు కేటాయించండి, ఆ రాత్రికి సీరం వద్దు.

మైలుతుత్తం. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. చీనీ (బత్తాయి), దానిమ్మ తోటలున్న ఇళ్లలో తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమానికి తెచ్చిన మైలుతుత్తం ఉంటుంది. అదీ నీలమే, అదీ రాగే. కానీ అది కాపర్ సల్ఫేట్, చర్మాన్ని కాల్చే విషం. రాగి పెప్టైడ్‌కు బదులుగా దాన్ని నీళ్లలో కలిపి తలకు రాయడం ప్రమాదం. రాగి చెంబులో నీళ్లు తాగడానికీ ఈ సీరం పనికీ సంబంధం లేదు.

గుండు. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చాక మందులు రాయడం సులువు, సీరం కూడా వృథా కాదు. అయితే కత్తి గాట్లు పూర్తిగా మానేదాకా, కొన్ని రోజులు, ఏదీ రాయొద్దు. తెగిన చర్మం గుండా మినాక్సిడిల్ ఒంట్లోకి ఎక్కువ వెళుతుంది. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది నిజం కాదు. కోసిన మొద్దు కొన వల్ల ముతకగా అనిపిస్తుంది, కుదుళ్ల సంఖ్య మారదు.

## ఎవరికి ఏది

పాతికేళ్ల కుర్రాడు, నుదుటి మూలలు ఖాళీ అవుతున్నాయి, నెల బడ్జెట్ తక్కువ: మినాక్సిడిల్. డాక్టరు సరేనంటే ఫినాస్టరైడ్. రాగి పెప్టైడ్ వద్దు. ఆ డబ్బుతో మినాక్సిడిల్ ఒక్క నెల కూడా తప్పకుండా చూసుకోవడమే ఎక్కువ లాభం.

ఏడాదిగా మినాక్సిడిల్ వాడుతూ నిలకడగా ఉన్నవాళ్లు, ఇంకాస్త ప్రయత్నించాలనుకునేవాళ్లు: రాగి పెప్టైడ్ చేర్చడానికి సరైన సమయం ఇదే. ఆరు నెలల ఖర్చు ముందే లెక్కేసుకుని మొదలుపెట్టండి.

మినాక్సిడిల్ నురుగు రకం కూడా పడక మాడు మంటెత్తేవాళ్లు: రాగి పెప్టైడ్ ఒక్కటే వాడటానికి అర్థమున్న ఏకైక వర్గం ఇది. మాడుకు హాయిగా ఉంటుంది, కానీ జుట్టు మీద ఆశ తగ్గించుకోవాలి. ఈలోగా నోటి మందుల గురించి డాక్టరుతో మాట్లాడండి.

కాన్పయి నాలుగో నెల, దువ్వెన నిండా జుట్టు: ఏదీ కొనొద్దు. ఇనుము, ప్రొటీను చూసుకోండి. పాలిస్తుంటే మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ రెండూ వద్దు. బిడ్డ మొదటి పుట్టినరోజుకు కూడా తగ్గకపోతే చూపించుకోండి.

నలభై దాటిన ఆడవాళ్లు, పాపిడి వెడల్పు: థైరాయిడ్, ఫెరిటిన్ చూపించుకుని మినాక్సిడిల్. తర్వాత స్తోమత ఉంటే సీరం.

జుట్టు మార్పిడి చేయించుకున్నవాళ్లు: గాయం మాన్పే గుణం వల్ల రాగి పెప్టైడ్‌కు ఇక్కడ కొంత చోటుంది. కానీ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పాల్సింది ఆపరేషన్ చేసిన డాక్టరే. సొంతంగా మొదటి వారాల్లో చుక్క కూడా వేయొద్దు.

## పనిచేస్తోందో లేదో తేల్చడం

సీరం మొదలుపెట్టే రోజున మూడు ఫోటోలు తీయండి: నుదురు, నడినెత్తి, పాపిడి. అదే గది, అదే లైటు, అదే దూరం, పొడి జుట్టు. నెలకోసారి చాలు, రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది, విశ్రాంతి దశే మూడు నెలలుంటుంది, కాబట్టి నాలుగు నెలల లోపు తీర్పు చెప్పలేం. గుండు చేయించుకుంటే జుట్టు మళ్లీ పాత పొడవుకు వచ్చాకే పోల్చాలి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే.

ఆరో నెల ఫోటోను మొదటి దాని పక్కన పెట్టి, మీ జుట్టు సంగతి తెలియని వాళ్లెవరికైనా చూపించి ఏది ముందుదో అడగండి. వాళ్లు చెప్పలేకపోతే సీరం ఆపేయండి, మినాక్సిడిల్ కొనసాగించండి. సీరం ఆపాక మూడు నెలలకు మళ్లీ ఫోటో తీయండి. అప్పుడు పలచబడినట్టు కనబడితే సీరం కొంత పట్టి ఉంచిందని అర్థం, తిరిగి మొదలుపెట్టవచ్చు. తేడా లేకపోతే ఆ నెల డబ్బు మిగిలినట్టే. ఈ మధ్యలో ఎక్కడైనా గుండ్రటి ఖాళీ, చీము, మంట, మెరిసే మచ్చ కనబడితే ఆరు నెలలు ఆగకుండా ఆ వారమే చర్మ డాక్టరు దగ్గరకు వెళ్లండి.